చూసే కళ్లకు కడదామా, నడిచే సర్వరుకు కడదామా?

బీదర్ దగ్గరి కమఠాణలో ఒక సహకార సంఘం ఉందనుకుందాం. రైతుల అప్పులు, ఎరువుల నిల్వ, వసూళ్లు అన్నీ కంప్యూటరులోనే. ఇది దూరపు మాట కాదు. దేశంలో 63,000 ప్రాథమిక సహకార పరపతి సంఘాల కంప్యూటరీకరణకు కేంద్రం 2022లోనే ఆమోదం తెలిపింది. ఆ అంకెలు బొమ్మలుగా, గీతలుగా కనిపించాలంటే బిజినెస్ ఇంటెలిజెన్స్ సాఫ్ట్‌వేర్‌ను సంఘం అప్లికేషన్‌లో కలపాలి. చిక్కంతా లైసెన్సు దగ్గరే.

మనిషికింత అని కట్టే పద్ధతి పదిమంది గుమాస్తాలకు సరిపోతుంది. రెండు వేల మంది సభ్యులు చూడాలంటే మోయలేం. అదే పవర్ బీఐ ఎంబెడెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో సర్వరు సామర్థ్యానికి కడతాం, చూసే సభ్యులకు విడి లైసెన్సు అక్కర్లేదు. గంటల లెక్కన బిల్లు పడుతుంది కనుక రాత్రిపూట ఆపేస్తే ఆ మేరకు మిగులు.

ఉచితం అన్నచోట మరింత నిదానంగా చదవాలి. ఇదే పని చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ సూపర్‌సెట్‌ది అపాచీ 2.0 లైసెన్సు. మార్చుకోవచ్చు, మన సరుకులో కలిపి అమ్ముకోవచ్చు, లైసెన్సు ప్రతినీ హక్కుల ప్రకటననూ తీసేయకూడదు. అలాంటిదే మరొకటి మెటాబేస్, దాని ఉచిత రూపానిది ఏజీపీఎల్ లైసెన్సు. దాన్ని మార్చి ఇంటర్నెట్‌లో సభ్యులకు అందిస్తే, మార్చిన కోడ్‌ను కూడా వాళ్లకు అందుబాటులో ఉంచాలి. కోడ్ ఇవ్వడం వద్దనుకుంటే డబ్బు కట్టి వాణిజ్య లైసెన్సు తీసుకోవాలి. నిర్వహించే కుర్రాడు దొరికితే నా ఓటు సూపర్‌సెట్‌కే.

ఏది కొన్నా, సభ్యులు రెట్టింపైతే బిల్లెంతో సంతకానికి ముందే కాగితం మీద రాయించుకోండి.