బొమ్మ అందమా, ఆట అందమా?

"అమ్మా, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనవూ" అని అబ్బాయి అడిగితే మనకి ముందు తోచేది ఖర్చే. కొన్ని నెలల పచారీ సామాను ఖరీదు మరి! 2020 డిసెంబరులో కోట్ల డాలర్లు పోసి తయారుచేసిన సైబర్‌పంక్ 2077 వచ్చింది. ఖరీదైన కంప్యూటర్లలో ఆ నగరం ధగధగలాడింది గానీ, ఆట నిండా లోపాలే. పాత ప్లేస్టేషన్లలో మరీ అధ్వాన్నం; సోనీవారు తమ అంగడిలోంచే తీసేసి, కొన్నవాళ్ళకి డబ్బు వాపసిచ్చారు. 2011లో పూర్తిగా విడుదలైన మైన్‌క్రాఫ్ట్‌లోనో, చెట్టూ పుట్టా అన్నీ దిమ్మెలే. అయినా 2023 నాటికి 30 కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయి!

అలాగని బొమ్మ అక్కర్లేదనను. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో ఆ మంచుకొండలూ గుర్రాలూ చూస్తే నాకే కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు. కానీ సెట్టింగులు కాస్త తగ్గించినా కథేమీ తగ్గదు. ఉన్న కార్డుతోనే ఓసారి ఆడి చూపించమనండి. తడబడకుండా నడిచిందా, కొత్త కార్డు మాట వచ్చే ఏడు చూసుకోవచ్చు.