ఒంట్లోనే ఉన్న మందు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అయినా ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఎందుకు కోరారో మీలో చాలామందికి తెలుసు. రిటైరైన మొదటి ఏడాది నా పరిస్థితి మీరు చూశారు. మోకాళ్ల నొప్పులు, నిద్ర లేదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు. మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు మింగేవాణ్ణి. రోజుకు ఒకటి కాస్తా మూడయింది. చివరికి రక్తపరీక్ష చూసిన డాక్టరుగారు, "మాస్టారూ, ఇలాగే మింగితే మోకాళ్లకంటే ముందు కిడ్నీలు పోతాయి. రేపట్నించి నడవండి" అన్నారు. మోకాళ్లు నొప్పిరా బాబూ అని వెళితే నడవమంటాడేమిటని నాకు కోపం వచ్చింది. ఆయన మాటలో ఉన్న శాస్త్రం తర్వాత చదివి తెలుసుకున్నాను.

నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ నొప్పిని అణచివేస్తుంది. అది పనిచేయాలంటే మెదడులో దానికి సరిపడే తాళంకప్పలు ఉండాలి. అవి ఉన్నాయని 1973లో శాస్త్రజ్ఞులు చూపించారు. మరి ఎక్కడో చేలో పెరిగే గసగసాల మొక్క కోసం మన మెదడులో తాళంకప్ప ఎందుకు? దాని అసలు చెవి మన ఒంట్లోనే తయారవుతూ ఉండాలి గదా! 1975లో స్కాట్లండులోని ఆబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్‌లిట్జ్ అనే ఇద్దరు అటువంటి పదార్థాలను కనిపెట్టారు. ఈ జాతి పదార్థాలకు ఎండార్ఫిన్లు, అంటే లోపల పుట్టే మార్ఫిన్ అనే పేరు స్థిరపడింది.

వ్యాయామం తర్వాత కలిగే హాయికి ఇవే కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. కాని రక్తంలోని ఎండార్ఫిన్ మెదడులోకి సులభంగా పోలేదు, మధ్య గట్టి కాపలా ఉంది. 1992లో జెరూసలేంలో ఇంకొక పదార్థం దొరికింది. అది కొవ్వుజాతిది గనుక ఆ కాపలా దాటగలదు. దాని పేరు ఆనందమైడ్. అవునండీ, మనం రోజూ అనే ఆనందమే, సంస్కృతం నుంచి తీసుకుని పెట్టారు. 2015లో జర్మనీలో ఎలుకలను పరుగెత్తించి చూశారు. ఎండార్ఫిన్ల తాళాలు మూసినా వాటి బెదురు తగ్గింది. ఆనందమైడ్ పనిచేసే తాళాలు మూసేసరికి ఆ ధైర్యమూ, నొప్పి ఓర్చే శక్తీ రెండూ పోయాయి. 2021లో మనుషుల్లో కూడా ఎండార్ఫిన్ల తాళాలు మూసినా పరుగు తర్వాతి హాయి తగ్గలేదు. కాబట్టి ఈ పని ఒక్క ఎండార్ఫిన్లది మాత్రమే కాదు.

దీనికి పరుగే అక్కరలేదు. మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి, అంత వేగంగా నడిస్తే చాలు. వారానికి కనీసం 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. మనసు మరీ కుంగిపోయినవారు నడకతోపాటు వైద్యమూ చేయించుకోవాలి, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

మొదటి పదిహేను రోజులు నాకేమీ తెలియలేదు. మూడో నెలకు బిళ్లలు మానేశాను. నొప్పి పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. ఉంది, కాని నన్ను ఏలడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా ఆవిడకూ మోకాళ్ల నొప్పులే. తెల్లారి లేచి నాకు టీ పెట్టి నడకకు పంపేది. ఒకరోజు, "మీకు రోడ్డుంది. నేనెక్కడ నడవను?" అంది. ముప్పై ఏళ్లు పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పినవాణ్ణి, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇంటి చాకిరీ చాలదా అంటారు కొందరు. పొయ్యి దగ్గర గంటలకొద్దీ నిలబడితే కాళ్లు వాస్తాయిగాని ఊపిరి వేగం పెరగదు గదా!

అందుచేత సంఘానికి నా మనవి ఒక్కటే. మన షాదీఖానా ఆవరణ పెళ్లిళ్లు లేని రోజుల్లో ఖాళీగా పడి ఉంటోంది. పొద్దున ఒక గంట దాన్ని ఆడవాళ్ల నడకకు వదిలిపెట్టండి. గేటు తాళంచెవి కూడా వాళ్ల చేతికే ఇవ్వండి. దీనికి చందాలు అక్కరలేదు, తీర్మానం ఒక్కటి చాలు.