కాంటాక్ట్ లెన్సు: ఏది ఎవరికి?



పెళ్ళిచూపులనో, కొత్త ఉద్యోగమనో కళ్ళజోడు మానేసి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవాలనుకునే యువతీయువకులు మన చిన్న ఊళ్ళలోనూ ఉన్నారు. చాలామంది కొట్లో మొదట ధర అడుగుతారు, తరువాత రంగు అడుగుతారు. అసలు అడగవలసింది, ఆ లెన్సు తమ కంటికీ, తమ దినచర్యకూ సరిపడుతుందా అని.

నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. దాన్ని కార్నియా అంటారు. అందులో రక్తనాళాలు ఉండవు. మెలకువగా ఉన్నప్పుడు తనకు కావలసిన ఆక్సిజన్‌ను అది చాలావరకు గాలి నుంచే తీసుకుంటుంది. లెన్సు పెట్టడమంటే ఆ గాలికి తెర కట్టడమే. కాబట్టి ఆక్సిజన్‌ను బాగా పోనిచ్చే లెన్సునే ఎంచుకోవాలి.

లెన్సుల్లో ముఖ్యంగా మెత్తనివి, గట్టివి అని రెండు రకాలు. మెత్తని లెన్సులను 1961లో చెక్ శాస్త్రవేత్త ఒట్టో విఖ్టెర్లె, పిల్లల ఆటసామానుతో కూర్చిన యంత్రం మీద తన ఇంట్లోనే తయారుచేశారు. ఇవి కంటికి త్వరగా అలవాటవుతాయి. వీటిలో సిలికోన్ హైడ్రోజెల్ రకం ఆక్సిజన్‌ను ఎక్కువగా పోనిస్తుంది. ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి టోరిక్ లెన్సులు ఉన్నాయి.

గట్టి లెన్సులు అలవాటు కావడానికి రోజులు పడుతుంది. కానీ కార్నియా శంకువులా ముందుకు పొడుచుకువచ్చే కెరటోకోనస్ జబ్బులో కళ్ళజోడుతో రాని స్పష్టత వీటితో వస్తుంది. అయితే వీటి కింద దుమ్ము చేరితే గుచ్చుకుంటుంది. బళ్ళారి వైపు గనుల దుమ్ములో తిరిగేవారు ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఏ రోజుకారోజు పారేసే లెన్సులకు ఖర్చు ఎక్కువ, కడిగే పని లేదు. నెలవారీ లెన్సులను రోజూ కొత్త ద్రావణంతో శుభ్రం చేయాలి, డబ్బీని మూడు నెలలకొకసారి మార్చాలి. పాకెట్ విప్పిన రోజు నుంచే నెల లెక్క. అంత ఓపిక లేనివారికి మొదటి రకమే మేలు.

ఏ లెన్సుకైనా నీళ్ళు తగలకూడదు. కుళాయి నీళ్ళలో, నదిలో, చెరువులో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాను తినేయగలదు. యానాంలో గోదావరి స్నానానికి దిగేవారు ముందే లెన్సులు తీసేయాలి. రాత్రి వాటితో నిద్రపోకూడదు. ఒకరివి మరొకరు పెట్టుకోకూడదు.

కళ్ళజోడు చీటీతో లెన్సు కొనకండి. లెన్సు చీటీలో పవరుతోపాటు వంపు, వ్యాసం కూడా ఉండాలి. మీ డాక్టరు కన్నడంలో మాట్లాడినా, ఒడియాలో మాట్లాడినా ఆ అంకెలు మారవు. పవరు లేని రంగు లెన్సుకూ ఈ పరీక్ష తప్పదు.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే లెన్సు తీసి, డబ్బీతో సహా డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మందుల కొట్లో చుక్కలతో కాలయాపన చేస్తే చూపే పోవచ్చు. లెన్సులున్నా ఇంట్లో ఒక కళ్ళజోడు ఉంచుకోండి.