తప్పిన కిక్కు తర్వాత
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

పిల్లలూ, ఈ రోజు మీకు ఒక ఆటగాడి గురించి చెబుతాను. పేరు జొనాథన్ థర్స్టన్. ఆస్ట్రేలియాలో గుంగరి అనే ఆదివాసీ జాతి మనిషి. ఆడింది రగ్బీ లీగ్.

ఈ ఆటలో జట్టుకు 13 మంది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని పట్టుకుని పరుగెత్తి, అవతలి గీత దాటి నేలకు ఆనిస్తే 4 పాయింట్లు. దాన్ని ట్రై అంటారు. తర్వాత బంతిని గుంజల మధ్య నుంచి తన్నితే మరో 2. చేత్తో బంతి అందించాలంటే మాత్రం ముందున్నవాడికి ఇవ్వకూడదు, పక్కనో వెనకో వచ్చేవాడికే ఇవ్వాలి.

థర్స్టన్ 1983లో బ్రిస్బేన్‌లో పుట్టాడు. సన్నటి మనిషి. భారీకాయులు గుద్దుకునే ఈ ఆటకు ఇతను చాలడని మొదట్లో క్లబ్బులు పక్కన పెట్టాయి. చివరికి 2002లో సిడ్నీలోని బుల్‌డాగ్స్ జట్టు తరఫున దిగాడు. 2004 ఫైనల్‌కు ముందు కెప్టెన్ స్టీవ్ ప్రైస్ గాయపడటంతో జట్టులో ఇతనికి చోటు దొరికింది. గెలిచారు. గెలిచినవాళ్లకు ఉంగరాలిస్తారు. థర్స్టన్ తన ఉంగరం ప్రైస్‌కు ఇచ్చేశాడు. అప్పటికి అతని వయసు 21.

2005లో నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్‌కు మారాడు. ఆ జట్టు అప్పటిదాకా ఒక్కసారీ టైటిల్ గెలవలేదు. అక్కడ పదేళ్లు ఆడాక 2015 ఫైనల్ వచ్చింది. ఆట ముగిసే క్షణంలో ట్రై పడి స్కోరు 16-16 అయింది. థర్స్టన్ కిక్కు గుంజల మధ్య పడితే కప్పు వాళ్లదే. మైదానం అంచు నుంచి తన్నాడు. బంతి గుంజకు తగిలి బయటికి పోయింది.

తల వంచుకుని కూర్చోలేదు. అదనపు సమయంలో మళ్లీ బంతి అతని కాలికే వచ్చింది. ఈసారి గుంజల మధ్య నుంచే పోయింది. 17-16. ఆ రాత్రి మైదానంలో చిన్న కూతుర్ని ఎత్తుకున్నాడు. పాప చేతిలో నల్లటి బొమ్మ ఉంది. మన రంగు బొమ్మ.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం నా దగ్గర తొమ్మిదో తరగతి పాప ఒకమ్మాయి ఖోఖో బాగా ఆడేది. జిల్లా సెలెక్షన్స్‌లో పేరు రాలేదు. మరుసటి ఏడాది మళ్లీ వెళ్తానని అడిగితే, "ఒకసారి చూశాం కదమ్మా, టెన్త్ చదువుకో, ఆటలు అన్నం పెడతాయా?" అన్నాను. సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లి మళ్లీ రాలేదు. ఆటా పోయింది, టెన్తూ పోయింది. ఆ మాట అన్నది నేనే. అందుకే ఈ కథ మీకు చెబుతున్నాను.

ఆటే అన్నం పెడుతుందని మాత్రం నేను చెప్పను. 2017లో భుజం గాయంతోనే థర్స్టన్ క్వీన్స్‌లాండ్ తరఫున ఆడాడు. చివర్లో మళ్లీ మైదానం అంచు నుంచే కిక్కు. ఈసారి తప్పలేదు, 18-16తో గెలిచారు. కానీ ఆ భుజంతో ఆ ఏడాది ఇక ఆడలేకపోయాడు. 2018లో, 35 ఏళ్లకు, ఆట మానేశాడు. ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే డాలీ ఎం పతకం నాలుగుసార్లు అందుకున్న మనిషికే ఆట అంతవరకు. తర్వాత తన పేరుతో అకాడమీ పెట్టి ఆదివాసీ పిల్లల చదువుకు, ఉద్యోగాలకు పని చేస్తున్నాడు. వెనక వచ్చేవాళ్లకు బంతి అందిస్తున్నాడన్న మాట.

యువతకు నా మనవి ఒక్కటే. సెలెక్షన్‌లో పేరు రాకపోతే ట్రంకు పెట్టె సర్దుకోకండి. మర్నాడు ఉదయం గ్రౌండ్‌కీ రండి, స్టడీ అవర్‌కీ రండి. పెద్దలకూ, నాలాంటి వార్డెన్లకూ ఒక మాట: పిల్ల రెండోసారి అడిగినప్పుడు కాదనకండి. నేను మళ్లీ కాదనను.

సెలవు. జై ఆదివాసీ.