వేలిముద్రకూ తాళం వేయండి
(పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాలలో నీళ్ళు కలిస్తే లాక్టోమీటరు పట్టిస్తుంది. మన పేర మరొకడు బ్యాంకులో వేలిముద్ర వేస్తే పట్టించే సాధనం మన చేతిలో లేదు. కనుక ముందు జాగ్రత్తే శరణ్యం.

లోగడ పాల బిల్లు సంఘంలోనే రొక్కంగా చెల్లించేవారు. ఇప్పుడు చాలా సంఘాలలో సభ్యుల ఖాతాకే జమ అవుతున్నది. ఊళ్ళో బ్యాంకు మిత్ర వద్ద ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే సొమ్ము చేతికి వస్తుంది. సౌకర్యమే. కాని ఇందులో సంతకం లేదు, ఓటీపీ లేదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర దొరికితే దొంగకూ అంతే సులువు.

వేలిముద్ర దొంగకెలా దొరుకుతుందంటారా? 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు పట్టుకున్నారు. ఇంటర్నెట్‌లో ఉన్న భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుండి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసి, రబ్బరు ముద్రలు చేసి, పరుల పేర సిమ్ కార్డులు తెరిచాడు. ఆ యజమానుల తప్పేమీ లేదు. దస్తావేజు మీద వేలు వేశారు, అంతే.

తాళంచెవి పోతే తాళం మార్చవచ్చు. వేలు మార్చలేము. కనుక ఈ నాలుగూ పాటించవలసిందిగా మనవి.

ఒకటి: ఆధార్ సంస్థ యాప్‌లో ‘బయోమెట్రిక్ లాక్’ ఉన్నది. ఆధార్‌కు జతచేసిన మొబైల్ ఉంటే చాలు. లాక్ ఉన్నంతవరకు దొంగ ముద్ర చెల్లదు. మన వేలూ చెల్లదు గనుక, రేషనుకో, సొమ్ముకో వెళ్ళినప్పుడు తాత్కాలికంగా తీసుకోవాలి.

రెండు: ఆధార్ జిరాక్సు ఇచ్చేటప్పుడు చివరి నాలుగంకెలే కనిపించే ‘మాస్క్‌డ్ ఆధార్’ చాలునేమో అడగండి. జిరాక్సు మీద ఏ పనికి ఇచ్చారో, తేదీతో సహా రాయండి.

మూడు: ‘వేలు పడలేదు, మళ్ళీ పెట్టండి’ అంటే, పడలేదన్న రసీదు చూపమనండి. ఆ రెండో వేలుతో రెండోసారి సొమ్ము పోవచ్చు.

నాలుగు: పాల బిల్లు జమ కావడానికి ఓటీపీ గాని, పిన్ గాని అక్కరలేదు. డెయిరీ నుండి అంటూ ఫోనులో అడిగినవాడు దొంగే.

కార్యదర్శులకు ఒక మాట. సభ్యుల కాగితాలు బీరువాలో ఉండాలి. గోడ మీది జాబితాలో గాని, వాట్సాప్ గ్రూపులో గాని ఆధార్, ఖాతా నంబర్లు పెట్టరాదు.

ఇంత చేసినా సొమ్ము పోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోను చేయండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. బ్యాంకు తప్పు గాని, ఖాతాదారు తప్పు గాని లేని మోసంలో, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాలలో తెలియజేస్తే నష్టం ఖాతాదారుపై పడరాదని 2017లో రిజర్వు బ్యాంకు ఉత్తర్వులిచ్చింది. ఆలస్యమే మనకు శత్రువు.

రెండు పూటలా గేదె కింద కూర్చొని సంపాదించిన సొమ్ము ఇది. చదువురాని సభ్యురాలి ఫోనులో వచ్చిన మెసేజీని చదివి చెప్పడం కూడా సహకారమే. ఆ పని ప్రతి సంఘంలో ఈ బిల్లు నుండే మొదలుపెట్టగలరని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.