ఉప్పు గీరిన చేతులు

(తడలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సమాజశాస్త్రంలో పరిశోధన చేసినదాన్ని. కాగితం చూపందే ఏదీ నమ్మకూడదని నేర్చుకున్నాను. ఈవేళ ఏ కాగితమూ లేని ఒక మనిషి గురించి మాట్లాడతాను. ఆమె మా అవ్వ, అమ్మకు అమ్మ. ఈ తడ పక్కనే, పులికాట్ ఒడ్డున పుట్టింది.

ఎండాకాలం సరస్సు నీళ్ళు వెనక్కి పోతే అంచున ఉప్పు తెల్లగా పేరుకుంటుందని ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. 1889 నాటి మద్రాసు ఉప్పు చట్టం ప్రకారం, అనుమతి లేకుండా ఆ ఉప్పు తీసుకోవడం నేరం. అవ్వకు అప్పుడు పదీ పదకొండేళ్ళు. తెల్లవారకముందే వాళ్ళమ్మతో వెళ్ళి, ఉప్పు గీరి ఒళ్ళో కట్టుకొచ్చేది. గంజిలోకైనా, ఎండుచేపలకైనా అదే. ఒకరోజు కాపలావాడు పట్టుకున్నాడు. ఉప్పంతా పారబోయించి, వాళ్ళ కాళ్ళతోనే మట్టిలో తొక్కించి, పొద్దుగూకేదాకా ఇద్దరినీ ఎండలో కూచోబెట్టాడు. ఇంటికొస్తే, పరువు తీశారని వాళ్ళ నాయన ఇద్దరినీ కొట్టాడు. ఈ రెండో సంగతి అవ్వ నాకు చాలా ఆలస్యంగా చెప్పింది.

అది గాంధీ దండికి నడిచిన 1930కి ముందా, తర్వాతా? పదేపదే అడిగాను. "మా తమ్ముడు పుట్టిన ఏడు" అంది. కాన్పులు, తుఫానులు, కరువులు - ఆమె లెక్క అది. నా పరిశోధనకు పనికిరాలేదని అప్పట్లో విసుక్కున్నాను కూడా.

1930లోనే మద్రాసులో దుర్గాబాయమ్మ ఉప్పు సత్యాగ్రహం చేసి జైలుకెళ్ళింది. ఆ ధైర్యాన్ని తక్కువ చేయను. కానీ అదే ఉప్పు, అదే ప్రభుత్వం. ప్రకటించి చేస్తే ఉద్యమం, కూటికోసం చేస్తే దొంగతనం ఎలా అయింది?

1931 మార్చి 5న గాంధీ-ఇర్విన్ ఒప్పందం కుదిరింది. ఉప్పు దొరికే ఊళ్ళవాళ్ళు ఇంటి వాడకానికీ, తమ ఊళ్ళో అమ్ముకోడానికీ తీసుకోవచ్చన్నారు. అవ్వకు ఒప్పందం సంగతి తెలీదు. "ఒక ఏడు వాడు అరవడం మానేశాడు. ఎందుకో మాకెవరూ చెప్పలా" అంది. ఒప్పందం ఆడవాళ్ళదాకా అలా చేరింది మరి!

1972లో వచ్చిన సమరయోధుల పింఛనుకు ఆరు నెలల జైలు ఉండాలి. స్త్రీలకు మూడు నెలలు చాలు. ఎండలో ఒక పగలు ఏ లెక్కలోకీ రాదు. అవ్వ అడగనూ లేదు. ఆమెను సమరయోధురాలిని చేయాలని నాకూ లేదు. అలా చేస్తే పెద్ద చరిత్రకు సరిపోయేట్టు ఆమెను కత్తిరించినట్టే. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు వినిపించింది. ఏ పోరాటంలోనూ పేరు లేనివాళ్ళను కూడా అలా కూచోబెట్టుకుని వినాలి. ఇంట్లో తిన్న దెబ్బలు వదిలేయకుండా వినాలి.

మీలో ఒడ్డు ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. పెద్దవాళ్ళ నోట ఉప్పు సంగతులు విన్నవాళ్ళు భోజనాలయ్యాక నా దగ్గరికి రండి. తేదీలు అడగను.