ముందు గాదె, పిమ్మట దారి



గత కార్తికమున నందిగామలో ప్రవచనము ముగిసి హారతి అయిన పిదప ఒక పెద్దమనిషి మా యొద్దకు వచ్చెను. కుమారుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి. కంపెనీలో మనుష్యులను తీసివేయుచున్నారట. "ఎటూ తీసేస్తారు, ముందే మానేసి వచ్చి పాడి పెట్టుకుంటాను" అని పిల్లవాని మాట. "శాస్త్రిగారూ, దేవుడిమీద భారం వేసి సరే అనమంటారా?" అని ఆ తండ్రి అడిగెను.

ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ మెట్టసీమ పిల్లలు కొందరు జగ్గయ్యపేట చుట్టుపట్ల సిమెంటు ఫ్యాక్టరీలలోను, కొందరు హైదరాబాదులోను, కొందరు అమెరికాలోను కొలువు చేయుచున్నారు. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తొలగించుచున్నట్లు ప్రకటించినవి. హెచ్-1బి వీసాపై నున్నవానికి కొలువు పోయిన పిమ్మట గడువు గరిష్ఠముగా 60 దినములే.

మనుస్మృతి నాల్గవ అధ్యాయమున నలుగురు గృహస్థులు చెప్పబడిరి. గాదెడు ధాన్యము గలవాడు కుసూలధాన్యకుడు. కుండెడు గలవాడు కుంభీధాన్యకుడు. మూడు దినములకు గలవాడు త్ర్యహైహికుడు. రేపటికి ఏమియు లేనివాడు అశ్వస్తనికుడు. వీరిలో చివరివానినే స్మృతి శ్రేష్ఠునిగా ఎంచినది.

దీనిని పట్టుకొని మేము ఒకప్పుడు పొరబడితిమి. ఒక శిష్యుడు జీతము వదలి వ్యాపారము పెట్టెదనని వచ్చినప్పుడు "రేపటి చింత వలదు, దైవమే చూచును" అని పంపితిమి. అతడు వడ్డీల పాలై భార్య నగలు అమ్ముకొనెను. తప్పు దైవమునది కాదు, మాది. స్మృతి చెప్పినది కోరికలు కుదించుకొని అధ్యయనమే వ్రతముగా నున్న విప్రుని గూర్చి. మాసమాసము ఇంటి అప్పు వాయిదా కట్టువానికి అది వర్తింపదు. రేపటిని మరచు అధికారము రేపటికి బాకీ లేనివానికే కలదు.

కావున ఆ తండ్రికి ఇట్లు చెప్పితిమి. మొదట గాదె కొలువుడు. జీతమెంత అని కాదు. జీతము ఆగినచో ఇల్లు ఎన్ని మాసములు నడచునని. బియ్యము, అద్దె, ఫీజులు, వాయిదాలు, పెద్దల మందులు కూడి, వెంటనే చేతికి వచ్చు సొమ్మును ఆ మొత్తముతో భాగింపుడు. ఆరు మాసములైనను రానిచో మానుట తగదు. పొలమును ఇందులో లెక్కింపవలదు. తొందరలో అమ్మిన పొలము ధర పలుకదు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కొలువుతోనే పోవును గనుక సొంతముగా ఒకటి ముందే తీసుకొనవలెను.

భయపడి రాజీనామా వ్రాయరాదు. చట్టము కార్మికునిగా గుర్తించినవానిని, ఏడాదికి తక్కువ కాని సేవ పిమ్మట తొలగించినచో, ఒక మాసము నోటీసు, ఏడాది సేవకు పదునైదు దినముల వేతనము చొప్పున పరిహారము ఈయవలెను. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టములోని ఈ లెక్క 2025 నవంబరులో అమలైన కొత్త కార్మిక కోడ్‌లోను నిలిచినది. తనంత తాను మానినవానికి ఆ పరిహారము లేదు.

ఇక వృత్తి మార్చుట అవమానమా? కాదు. భారతములో రాజ్యము పోయిన నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున సారథి అయ్యెను. కొలువులో నుండియే తన అశ్వవిద్యకు మారుగా అక్షవిద్యను గ్రహించెను. దానితోనే పోయిన రాజ్యమును గెలిచెను. చేతిలోని విద్య కూడు పెట్టుచుండగా రానున్న విద్యను నేర్చుట నలుని మార్గము.

ఈ మాఘమున ఆ తండ్రి మరల కనబడెను. లెక్క మూడు మాసములకు తక్కువే తేలినదట. పిల్లవాడు కొలువు మానలేదు. కారు కొనుట మానుకొనెను. సెలవు దినములలో వచ్చి ఒక పాడిరైతు కొట్టములో తెల్లవారుజామున పాలు పితుకుట నేర్చుచున్నాడు. రెండవ వారమునకే దాణా ఖర్చు చూచి అతని లెక్క మారినదట!

దైవముపై భారము వేయుడు. కాని ఆ భారమెంతయో తూచి మరీ వేయుడు.

స్వస్తి.